నీరు మూలకం కాదు, క్లోరిన్ సమ్మేళనం కాదు

రెండు వేల ఏళ్లకు పైగా నీటిని మూలపదార్థంగానే లెక్కవేశారు. గ్రీకు తత్వవేత్తలు చెప్పిన నాలుగు మూలాల్లో అది ఒకటి, పంచభూతాల్లోనూ అది ఒకటి. అది రెండు వాయువుల కలయిక అని 18వ శతాబ్దం చివర్లో గానీ తేలలేదు. ఆ తర్వాత కొద్దికాలానికే దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు ఒకటి బయటపడింది. 1774లో దొరికిన, పసుపు కలిసిన లేతాకుపచ్చ రంగున్న ఒక వాయువులో ఆక్సిజన్ దాగి ఉందనీ, కాబట్టి అది సమ్మేళనమేననీ చాలామంది రసాయన శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి నమ్మారు. తీరా చూస్తే అది మూలకం. ఇవాళ దాన్ని క్లోరిన్ అంటున్నాం.

ఈ రెండు పొరపాట్లూ తెలివి తక్కువవాళ్లు చేసినవి కావు. ఒక పదార్థం మూలకమో సమ్మేళనమో దాని రంగు చూసి, వాసన చూసి, ముట్టుకుని చెప్పడం కుదరదు. నీటికంటే సాదాసీదాగా కనిపించే పదార్థం ఇంకేముంది? అందుకే ఈ రెండింటి మధ్య తేడాను నిర్వచనంగా బట్టీ పట్టడం కంటే, ఆ తేడాను మనుషులు ఎలా పట్టుకున్నారో చూస్తేనే విషయం బాగా అర్థమవుతుంది.

పాఠ్యపుస్తకం నిర్వచనం చిన్నది. ఒకే రకం పరమాణువులతో ఏర్పడింది మూలకం. రెండు లేదా అంతకంటే ఎక్కువ మూలకాలు నిర్దిష్ట నిష్పత్తిలో రసాయనికంగా కలిసి ఏర్పడింది సమ్మేళనం. ఇందులో తప్పేమీ లేదు. కానీ పరమాణువులు కంటికి కనిపించవు కదా, మరి ఒకే రకం ఉన్నాయని తెలిసేదెలా? ఆ ప్రశ్నకు నిర్వచనంలో జవాబు లేదు. పైగా "రసాయనికంగా కలిసి" అనే మాట మీదే మొత్తం బరువంతా పడింది. ముందు ఆ మాట సంగతి తేల్చుకోవాలి.

ఇనుము, గంధకం: కలపడం వేరు, కలవడం వేరు

ఏడు గ్రాముల ఇనుప రజను, నాలుగు గ్రాముల గంధకం పొడి తీసుకుని బాగా కలిపితే బూడిద, పసుపు కలగలిసిన పొడి ఒకటి వస్తుంది. దగ్గరగా చూస్తే ఇనుప రేణువులు, గంధకపు రేణువులు విడివిడిగా కనిపిస్తూనే ఉంటాయి. అయస్కాంతం పెడితే ఇనుము వచ్చి అతుక్కుంటుంది, గంధకం కింద మిగిలిపోతుంది. ఇది మిశ్రమం. ఏడుకు నాలుగు బదులు తొమ్మిదికి రెండు కలిపినా ఎవరూ కాదనరు, అదీ మిశ్రమమే.

ఇప్పుడు ఆ పొడిని పరీక్షనాళికలో వేసి అడుగున వేడి చేయాలి. కాసేపటికి ఒక మూల ఎర్రగా కణకణలాడడం మొదలవుతుంది. ఆ క్షణంలో మంట తీసేసినా ఆ ఎరుపు ఆగదు. తనంతట తానే పొడి పొడవునా పాకుతూ పోతుంది. ఆ వేడి బయటి మంటది కాదు, ఇనుము, గంధకం ఒకటవుతున్నప్పుడు పుట్టినది. చల్లారాక నాళికలో నల్లటి గట్టి ముద్ద ఒకటి మిగులుతుంది. పసుపు రంగు జాడే ఉండదు. ముద్దను పగలగొట్టి పొడి చేసినా అందులో ఇనుప రేణువు ఏదో, గంధకపు రేణువు ఏదో వేరు చేసి చూపించలేం. అయస్కాంతంతో ఇనుమును బయటికి లాగడం ఇక కుదరదు. బరువు మాత్రం 11 గ్రాములే, ఏమీ పోలేదు.

సజల ఆమ్లం పోస్తే తేడా ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. వేడి చేయని మిశ్రమం మీద పోస్తే ఇనుము ఒక్కటే స్పందిస్తుంది, వాసన లేని హైడ్రోజన్ బుడగలు వస్తాయి. నల్లటి ముద్ద మీద పోస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. అది విష వాయువు కాబట్టి ఈ భాగం ప్రయోగశాలలో తగిన జాగ్రత్తలతోనే చేయాలి. వేసిన పదార్థాలు అవే, బరువులు అవే, అయినా ప్రవర్తన పూర్తిగా మారిపోయింది. ఆ ముద్ద ఐరన్ సల్ఫైడ్ అనే సమ్మేళనం. ఇనుము గుణం కొంత, గంధకం గుణం కొంత పంచుకున్న పదార్థం కాదది. దాని గుణాలు దానివే.

సమ్మేళనం గురించి అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే అనిపిస్తుంది. చాలామంది సమ్మేళనాన్ని బాగా దగ్గరగా కలిసిపోయిన మిశ్రమంలా ఊహించుకుంటారు. ఆ ఊహ ఒకసారి మనసులో పడితే తర్వాత నేర్చుకునే ప్రతి విషయమూ గందరగోళంగానే ఉంటుంది.

నీటిని విడగొట్టిన రోజులు

1766లో బ్రిటన్‌కు చెందిన హెన్రీ కావెండిష్ లోహాల మీద ఆమ్లం పోసినప్పుడు వచ్చే మండే వాయువును విడిగా సేకరించి దాని గుణాలు పరిశీలించాడు. 1774లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఎర్రటి మెర్క్యూరిక్ ఆక్సైడ్ మీద భూతద్దంతో ఎండను కేంద్రీకరించి ఇంకో వాయువును రాబట్టాడు. అందులో కొవ్వొత్తి మామూలు గాలిలో కంటే ఎంతో వెలుగుతో మండింది. 1780ల మొదట్లో కావెండిష్ ఈ రెండు వాయువులనూ గాజు పాత్రలో నింపి విద్యుత్ స్ఫులింగంతో పేలిస్తే పాత్ర గోడల మీద చెమ్మ పట్టింది. అది స్వచ్ఛమైన నీరు. మండే వాయువు రెండు వంతులు, రెండోది సుమారు ఒక వంతు ఖర్చయ్యాయి.

ప్రయోగం కావెండిష్‌దే అయినా, దాని అర్థం విప్పి చెప్పింది ఫ్రాన్స్‌కు చెందిన ఆంట్వాన్ లావోజియే. నీరు మూలకం కాదు, ఈ రెండు వాయువుల సమ్మేళనం అని ఆయన తేల్చాడు. అంతటితో ఆగకుండా ఎదురు దారిలోనూ నడిచాడు. ఎర్రగా కాల్చిన ఇనుప గొట్టం గుండా నీటి ఆవిరిని పంపితే, ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకుంది, అవతలి కొస నుంచి మండే వాయువు బయటికి వచ్చింది. ఒక పదార్థం సమ్మేళనమని గట్టిగా నమ్మాలంటే రెండు సాక్ష్యాలూ ఉండాలి. విడి భాగాల నుంచి దాన్ని తయారు చేయగలగాలి, దాన్ని తిరిగి విడి భాగాలుగా చేయగలగాలి.

1800లో అలెస్సాండ్రో వోల్టా తయారు చేసిన తొలి బ్యాటరీ కబురు అందగానే విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ అదే ఏడాది నీటిలోకి విద్యుత్తు పంపారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్, ఇంకో తీగ దగ్గర ఆక్సిజన్. విద్యుద్విశ్లేషణ అనే పద్ధతికి అదే మొదలు. ఇవాళ బడి ప్రయోగశాలలో కూడా ఇది చేసి చూడొచ్చు. స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తు సరిగా పారదు కాబట్టి కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతారు. తీగల మీద బోర్లించిన రెండు నాళికల్లో ఒకదానిలో వాయువు రెండో దానికంటే రెట్టింపు వేగంతో నిండడం కళ్లారా కనిపిస్తుంది. రెట్టింపు ఉన్నది హైడ్రోజన్.

విద్యార్థులు ఎక్కువగా పొరబడే చోటు ఒకటి ఇక్కడే ఉంది. నీటిని మరిగిస్తే కూడా విడిపోతుంది కదా అని అడుగుతుంటారు. విడిపోదు. మరిగినప్పుడు వచ్చే బుడగల్లో ఉన్నది నీటి ఆవిరే. అణువులు ఒకదాని నుంచి ఒకటి దూరమయ్యాయి అంతే, అణువు లోపల హైడ్రోజన్, ఆక్సిజన్ల మధ్య బంధం చెక్కుచెదరలేదు. ఆవిరిని చల్లబరిస్తే మళ్లీ నీరే. అణువులను విడదీయడం భౌతిక మార్పు, అణువునే విరగ్గొట్టడం రసాయన మార్పు. రెండో పనికి చాలా శక్తి కావాలి. 18 గ్రాముల నీరు ఏర్పడేటప్పుడు 286 కిలోజౌళ్ల వేడి బయటికి వస్తుంది. ఆ నీటిని మళ్లీ రెండు వాయువులుగా మార్చాలంటే అంత శక్తినీ తిరిగి చెల్లించాల్సిందే.

లావోజియే జాబితా, డేవీ బ్యాటరీ

1789లో లావోజియే 33 సరళ పదార్థాల జాబితా ప్రకటించాడు. ఆ జాబితాకంటే దాని వెనుక ఉన్న నియమం గొప్పది. మన దగ్గరున్న ఏ పద్ధతితోనూ ఇక విడగొట్టలేకపోతే, అప్పటికి దాన్ని మూలకంగా లెక్కవేద్దాం అన్నాడు. "అప్పటికి" అన్న మాట చాలా ముఖ్యం. మూలకం అనేది ఆ రోజుల్లో శాశ్వతమైన బిరుదు కాదు, ఎవరో ఒకరు విడగొట్టేవరకు మాత్రమే చెల్లే తాత్కాలిక తీర్పు.

ఆ తీర్పుల్లో కొన్ని నిజంగానే నిలవలేదు. వెలుగునూ వేడినీ కూడా ఆయన మూలకాల్లో చేర్చాడు. సున్నం, మెగ్నీషియా, సిలికా కూడా ఆ జాబితాలో ఉన్నాయి, ఎందుకంటే వాటిని విడగొట్టడం అప్పటివరకు ఎవరి వల్లా కాలేదు. ఇవి ఏదో ఒక రోజు సమ్మేళనాలని తేలతాయేమోనన్న అనుమానం కూడా ఆయనే వ్యక్తం చేశాడు. అది చూడడానికి ఆయన బతికి లేడు. 1794లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం ఆయనకు మరణశిక్ష అమలు చేసింది.

1807లో హంఫ్రీ డేవీ కరిగించిన పొటాష్ అనే క్షారంలోకి పెద్ద బ్యాటరీ నుంచి విద్యుత్తు పంపాడు. తీగ దగ్గర పాదరసంలా మెరిసే చిన్న చిన్న బిందువులు పుట్టాయి. కొన్ని పుట్టీ పుట్టగానే భగ్గున మండిపోయాయి. అది పొటాషియం. కొద్ది రోజులకే సోడియం, 1808లో సున్నం నుంచి కాల్షియం, ఆ ఏడాదే మెగ్నీషియం, స్ట్రాన్షియం, బేరియం. కొత్త పనిముట్టు ఒకటి చేతికి రాగానే నిన్నటి మూలకాలు ఇవాళ్టి సమ్మేళనాలయ్యాయి.

ఆమ్లజని అనే పేరులోని పొరపాటు

తెలుగులో హైడ్రోజన్‌కు ఉదజని అనీ, ఆక్సిజన్‌కు ఆమ్లజని అనీ పాత పేర్లున్నాయి. రెండూ గ్రీకు మూలాలున్న యూరప్ పేర్లకు చక్కటి అనువాదాలు. ఉదకాన్ని పుట్టించేది ఉదజని, ఆమ్లాన్ని పుట్టించేది ఆమ్లజని. మొదటి పేరు నిజం. రెండోది లావోజియే చేసిన తప్పును ఇప్పటికీ మోస్తోంది. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉంటుందని, అదే ఆమ్లానికి పులుపు ఇస్తుందని ఆయన నమ్మాడు.

క్లోరిన్ ఇరుక్కుపోయింది ఈ నమ్మకంలోనే. 1774లో కార్ల్ షీలే మాంగనీస్ డయాక్సైడ్‌తో ఉప్పు ఆమ్లాన్ని వేడి చేసి ఆ లేతాకుపచ్చ వాయువును రాబట్టాడు. ఇవాళ మనం హైడ్రోక్లోరిక్ ఆమ్లం అనేదే ఆ ఉప్పు ఆమ్లం. అన్ని ఆమ్లాల్లోనూ ఆక్సిజన్ ఉండాల్సిందే కాబట్టి ఇందులోనూ ఉండాలి, దీని నుంచి వచ్చిన వాయువులో ఇంకా ఎక్కువ ఉండాలి అనేది అప్పటి వాదన. సిద్ధాంతం అంత గట్టిగా ఉన్నప్పుడు వాయువులో ఆక్సిజన్ కనిపించకపోతే తప్పు ప్రయోగానిదే అనిపిస్తుంది.

డేవీ ఆ వాయువులో తెల్లగా మెరిసేదాకా కాల్చిన బొగ్గును ఉంచాడు. ఆక్సిజన్ ఎక్కడున్నా లాక్కోగల పదార్థం అది. ఏమీ రాలేదు. ఎన్ని రకాలుగా ప్రయత్నించినా ఆక్సిజన్ ఆనవాలు దొరకలేదు. 1810లో ఆయన ఈ వాయువు మూలకమేనని ప్రకటించి, దాని లేతాకుపచ్చ రంగును బట్టి గ్రీకు మాటతో క్లోరిన్ అని పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ మాత్రమే. ఆక్సిజన్ లేని ఆమ్లం ఒక్కటి కనిపించినా ఆమ్లజని అనే పేరు తప్పని తేలిపోతుంది, ఇది అలాంటిదే.

మూలకమని నిరూపించడం సమ్మేళనమని నిరూపించడం కంటే ఎంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది. విడగొట్టి చూపిస్తే సమ్మేళనం అని ఒక్క ప్రయోగంతో తేలిపోతుంది. విడగొట్టలేకపోయామంటే మాత్రం, అది మూలకం కావడం వల్లనా, మన పనిముట్టు చాలకపోవడం వల్లనా అన్న సందేహం మిగులుతుంది.

నిష్పత్తి మారదు

సమ్మేళనానికి ఇంకో గట్టి గుర్తు నిష్పత్తి. 1790ల చివర జోసెఫ్ లూయీ ప్రౌస్ట్ గనిలో దొరికిన కాపర్ కార్బొనేట్‌నూ, ప్రయోగశాలలో తయారు చేసిన కాపర్ కార్బొనేట్‌నూ పోల్చి చూశాడు. రెండింటిలో మూలకాల బరువుల నిష్పత్తి ఒక్కటే. స్థిరానుపాత నియమం అంటే అదే. మంచుకొండ నీరైనా, సముద్రపు నీటిని స్వేదనం చేసినదైనా, ఒక వంతు హైడ్రోజన్‌కు ఎనిమిది వంతుల ఆక్సిజన్ బరువు. ఆక్సిజన్ రెట్టింపై 16 వంతులైతే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. అవే రెండు మూలకాలు, కానీ ఇది బట్టల రంగును పోగొట్టే, క్రిములను చంపే వేరే సమ్మేళనం.

నీటిలో నిష్పత్తి ఎనిమిది నుంచి 16కు ఒక్క గంతులో ఎందుకు దూకుతుంది, మధ్యలో తొమ్మిదో పదకొండో ఎందుకు రాదు? పరమాణువును సగానికి కోసి కలపలేం కాబట్టి. జాన్ డాల్టన్ 19వ శతాబ్దం తొలి ఏళ్లలో ఈ గంతుల ఆధారంగానే పరమాణు సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. కంటికి కనిపించని పరమాణువును తక్కెడతో పట్టుకోవడం అంటే ఇదే.

ఈ నియమానికీ మినహాయింపులు ఉన్నాయి. ఐరన్ ఆక్సైడ్‌లో వుస్టైట్ అనే రూపం ఉంది. అందులో ప్రతి వంద ఆక్సిజన్ పరమాణువులకు ఇనుప పరమాణువులు సుమారు 95 మాత్రమే ఉంటాయి, ఆ సంఖ్య కాస్త అటూ ఇటూ అవుతుంది కూడా. సమ్మేళనాల్లో నిష్పత్తి మారొచ్చని ప్రౌస్ట్‌తో ఏళ్ల తరబడి వాదించి ఓడిన క్లాడ్ బెర్తోలే గౌరవార్థం ఇలాంటివాటికి బెర్తోలైడ్లు అని పేరు పెట్టారు.

అణువు అంటే సమ్మేళనం కాదు

ఆక్సిజన్ వాయువులో రెండేసి పరమాణువులు జంటగా ఉంటాయి. దాంతో "రెండు కలిశాయి కదా, ఇది సమ్మేళనమేగా" అనే సందేహం చాలామందికి మొదలవుతుంది. లెక్కవేయాల్సింది పరమాణువుల సంఖ్య కాదు, రకాల సంఖ్య. మూడు ఆక్సిజన్ పరమాణువుల ఓజోన్, ఎనిమిది గంధకపు పరమాణువుల గంధకం, అన్నీ మూలకాలే. మరోవైపు, సమ్మేళనమైతే అణువులు ఉండి తీరాలన్న నియమమూ లేదు. ఉప్పు స్ఫటికంలో విడి అణువు అంటూ ఏదీ లేదు. ఒక్కో సోడియం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు, అలా స్ఫటికం అంచు వరకు సాగిపోతుంది.

వజ్రం, గ్రాఫైట్ సంగతి ఇంకో రకం. ఒకటి గాజును కోస్తుంది, ఇంకోటి కాగితం మీద గీత గీస్తుంది. 1797లో స్మిత్‌సన్ టెనంట్ వజ్రాన్ని కాల్చి చూస్తే, అంతే బరువు బొగ్గు ఇచ్చేటంత కార్బన్ డయాక్సైడే వచ్చింది. ఒకే మూలకం, పరమాణువుల అమరిక వేరు. గుణాలు వేరైనంత మాత్రాన పదార్థం మూలకంగా వేరు కానక్కర్లేదు.

మాటల్లో దొర్లే చిక్కు ఒకటి వీటన్నిటికంటే లోతైనది. "నీటిలో ఆక్సిజన్ ఉంది" అంటాం. "చేపలు నీటిలోని ఆక్సిజన్ పీలుస్తాయి" అనీ అంటాం. రెండు వాక్యాల్లోనూ ఆక్సిజన్ ఒకటి కాదు. మొదటిది నీటి అణువులో కట్టుబడి ఉన్న ఆక్సిజన్ పరమాణువు. దాన్ని చేప మొప్పలు లాగలేవు. రెండోది గాలి నుంచి వచ్చి నీటిలో కరిగిన ఆక్సిజన్ వాయువు. మూలకం అనే మాటకు ఈ రెండు అర్థాలూ ఉన్నాయి, ఒక రకం పరమాణువు అని ఒకటి, ఆ పరమాణువులతోనే ఏర్పడిన పదార్థం అని ఇంకోటి. రసాయన శాస్త్రం రెండింటినీ అధికారికంగానే వాడుతుంది. ఎముకల్లో కాల్షియం ఉందంటే అక్కడ వెండిలా మెరిసే లోహం ముక్కలు ఉన్నాయని కాదు.

ఉప్పు రుచికరంగా, నిరపాయంగా ఉండడం వెనక ఉన్నదీ ఇదే. సోడియం లోహం చాకుతో కోయగలిగేంత మెత్తన, నీటిలో వేస్తే బుసలు కొడుతూ మండుతుంది. క్లోరిన్ 1915లో యుద్ధరంగంలో సైనికుల మీద ప్రయోగించిన విష వాయువు. ఇవి రెండూ కలిసినప్పుడు సోడియం తన బయటి కక్ష్యలోని ఒక్క ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. సోడియం నీటిని చూసి అంత ఆత్రపడేది ఆ ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవడానికే, క్లోరిన్ కణజాలాన్ని కాల్చేది ఎలక్ట్రాన్ కోసమే. ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయాక రెండింటికీ ఆ ఆత్రం లేదు. పరమాణువుల నడుమ ఉండే కేంద్రకాలు మాత్రం ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అందుకే కరిగించిన ఉప్పులోకి విద్యుత్తు పంపితే అదే సోడియం, అదే క్లోరిన్ మళ్లీ బయటికి వస్తాయి.

తీర్పు ఖాయమైన ఏడాది

లావోజియే "అప్పటికి" అన్న మాటను తీసేసే అవకాశం 1913లో వచ్చింది. పాతికేళ్లు నిండిన హెన్రీ మోస్లీ ఒక్కో మూలకాన్ని ఎలక్ట్రాన్లతో ఢీకొట్టించి, అది వెలువరించే ఎక్స్ కిరణాల పౌనఃపున్యాన్ని కొలిచాడు. ఒక మూలకం నుంచి పక్క మూలకానికి వెళ్తే ఆ పౌనఃపున్యపు వర్గమూలం ఒక్కో మెట్టు చొప్పున సమానంగా పెరిగింది. ఆ మెట్టు సంఖ్యే కేంద్రకంలోని ధనావేశం, అదే పరమాణు సంఖ్య. ఒకటికీ రెండుకూ మధ్య ఒకటిన్నర ఉండదు కాబట్టి హైడ్రోజన్‌కూ హీలియంకూ మధ్య కొత్త మూలకం దూరే చోటు లేదు. ఖాళీలు ఎక్కడున్నాయో కూడా తెలిసిపోయింది. 43, 61, 75 మెట్లు ఖాళీగా ఉన్నాయి. 75వది రీనియం 1925లో, 43వది టెక్నీషియం 1937లో, 61వది ప్రొమీథియం 1945లో దొరికాయి. మోస్లీ మాత్రం 1915లోనే, 27 ఏళ్ల వయసులో గలిపోలి యుద్ధంలో చనిపోయాడు.

మూలకాన్ని అసలు విడగొట్టలేమా అంటే విడగొట్టగలం, రేడియోధార్మికతలోనూ అణు రియాక్టర్లలోనూ కేంద్రకాలు మారుతూనే ఉంటాయి. కానీ అందులో ఒక్కో కేంద్రకానికి మారే శక్తి రసాయన బంధాల్లో మారే శక్తికి లక్షల రెట్లు. మంట, ఆమ్లం, బ్యాటరీ ఆ గడప దాటలేవు. మూలకానికీ సమ్మేళనానికీ మధ్య గీత పడింది ఆ రెండు శక్తుల మధ్య ఉన్న పెద్ద ఖాళీలోనే. ఆ గీతకు ఒకవైపు ఇప్పటికి 118 మూలకాలు ఉంటే, రెండోవైపు నమోదైన రసాయన పదార్థాల సంఖ్య 20 కోట్లు దాటింది.

మోస్లీ 1914లో ప్రకటించిన కొలతల్లో క్లోరిన్ కూడా ఉంది, దాని మెట్టు 17. ఆక్సిజన్ దాగి ఉందేమోనన్న పాత అనుమానానికి ఆ ఒక్క అంకె తర్వాత చోటే లేదు. నీటికి అలాంటి అంకె దొరకదు. అందులో ఉన్నవి రెండు, హైడ్రోజన్‌ది 1, ఆక్సిజన్‌ది 8.